దహీ పేరు మీద మీఠా

ఫ్రోజెన్ యోగర్ట్‌ని ఉర్దూలోకి తర్జుమా చేద్దామని కూర్చుంటే 'జమా హువా దహీ' అని వస్తుంది. అంటే తోడుకున్న పెరుగు! రోజూ తినేదే కదా. తెలుగులో పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, నీళ్లు గడ్డకడతాయి. ఉర్దూలో ఈ మూడింటికీ ఒక్కటే మాట, జమ్‌నా. జబాన్ చేసే ఈ గడబిడ మా ఇంట్లో అమ్మీ సెహత్ దాకా వచ్చింది.

అమ్మీకి పద్దెనిమిదేళ్లుగా షుగర్. రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఐస్‌క్రీమ్ మానేసి చాలా ఏళ్లయింది. షాదీలకు వెళ్తే ఖుబానీ కా మీఠా వైపు చూడదు. చూసినా మాకు కనబడనివ్వదు. అలాంటి మనిషి, మా బిడ్డ మాల్ నుంచి ఫ్రోజెన్ యోగర్ట్ తెచ్చి "దాదీ, ఇది హెల్దీ" అనగానే ఇత్మినాన్‌గా కప్పు మొత్తం ఖాళీ చేసింది. "దహీచ్ హై నా బేటా" అంది నాతో. రెండు గంటల తర్వాత మిషన్‌లో చూస్తే 286. అది మధ్యాహ్నం తిన్న చావల్ కసూర్ అని తేల్చేసింది. ఆ తర్వాత ప్రతి జుమ్మా సాయంత్రం మనవరాలి కోసం ఇంతెజార్ మొదలైంది.

మరి హిసాబ్ చూద్దాం. మామూలు పెరుగు 100 గ్రాముల్లో 60 కేలరీల చిల్లర, కార్బోహైడ్రేట్లు 5 గ్రాముల లోపు. అవీ పాలల్లో సహజంగా ఉండే లాక్టోజే. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో వెనిలా ఫ్రోజెన్ యోగర్ట్ 100 గ్రాములకు దాదాపు 160 కేలరీలు, కొవ్వు 6 గ్రాముల లోపు, కార్బోహైడ్రేట్లు 24 గ్రాములు. వెనిలా ఐస్‌క్రీమ్‌కి 207 కేలరీలు, కొవ్వు 11 గ్రాములు. కార్బోహైడ్రేట్లు? అవీ సుమారు 24 గ్రాములే. అంటే ఫరక్ అంతా కొవ్వులో. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ మేరకు ఫాయిదా ఉంది, కాదనను. షుగర్ మరీజ్‌కి మాత్రం రెండూ ఒకటే.

అంత చక్కెర ఎందుకంటే, పులుపును కప్పడానికి మాత్రమే కాదు. చక్కెర కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కింది చలి కావాలి. ఆ నర్మీ, ఆ మెత్తగా చుట్టుకునే తీరు దాని పుణ్యమే. ఉత్త పెరుగును ఫ్రీజర్‌లో పెట్టి చూడండి, పత్థర్ అవుతుంది.

మేలు చేసే బ్యాక్టీరియా సంగతి చాలామంది అడుగుతారు. చలికి అవన్నీ చచ్చిపోవు, ఎక్కువ భాగం నిద్రపోతాయి. కాకపోతే కొన్నింటిని తోడుపెట్టాక వేడిచేస్తారు. అప్పుడు బతికుండవు. డబ్బా మీద లైవ్ కల్చర్స్ అని ఉందో లేదో చూసుకోవాలి.

దీన్ని అమెరికా అంతటా గల్లీ గల్లీకీ చేర్చిన దుకాణాల్లో ఒకటి 1981లో అర్కాన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో మొదలైంది, టీసీబీవై. మొదట ఆ అక్షరాలకు అర్థం 'దిస్ కాంట్ బి యోగర్ట్'. ఇది పెరుగై ఉండదే అని! తర్వాత పోటీ కంపెనీ కోర్టుకెక్కితే అక్షరాలు ఉంచి అర్థం మార్చుకున్నారు. నాకైతే మొదటి పేరే నిజం చెప్పిందనిపిస్తుంది.

అమ్మీకి ఈ అంకెలన్నీ చదివి వినిపించాను. కాసేపు చుప్‌గా ఉండి, "తో యే భీ గయా?" అంది. ఆ మాట గుచ్చుకుంది. డెబ్భై దాటిన మనిషికి మిగిలిన ఖుషీలే తక్కువ. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ మనా చేయలేదు. చిన్న కటోరీ, ఖానా అయిన వెంటనే, ఆ పూట చావల్ అంత తగ్గించి, అంది. మాల్‌లో తూకం వేసి అమ్మే పెద్ద కప్పు, దాని మీద చాక్లెట్ ముక్కలు, జెల్లీలు, షర్బత్ ధార మాత్రం వద్దంది.

ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నాం. అరకిలో పెరుగు మల్మల్ గుడ్డలో కట్టి, జాలీ మీద పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే నీళ్లు దిగి దాదాపు సగమవుతుంది. ఆ నీళ్లు పారబోయకండి, రోటీ పిండికి పనికొస్తాయి. మిగిలిన చిక్కటి దహీలో సగం బంగినపల్లి గుజ్జు, చిటికెడు ఇలాయిచీ. చక్కెర లేదు, షహద్ కూడా లేదు (షహద్ కూడా చక్కెరే, ఎవరేం చెప్పినా). పండు తీపి కూడా హిసాబ్‌లోకే. వెడల్పు స్టీలు గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, అరగంటకోసారి ఫోర్క్‌తో గీరుతూ ఉంటే రెండు మూడు గంటల్లో తయార్. మర్నాటికి గట్టిపడుతుంది. వడ్డించే ముందు పావుగంట బయట ఉంచాలి. దుకాణం దానిలా చుట్టలు తిరగదు, కొంచెం గరుగ్గానే ఉంటుంది.

అమ్మీకి అచార్ వేసే చిన్న కటోరీలో, పైన నాలుగు పిస్తాలు చల్లి ఇస్తాను. మొదటిసారి చంచా నోట్లో పెట్టుకుని "ఖట్టా హై" అని మొహం ముడిచింది. అయినా గిన్నె ఖాళీ. సీతాఫలం వచ్చే మౌసమ్‌లో దాంతో చేయమని ఫర్మాన్ కూడా జారీ అయింది. గింజలు తీసే పని నాదట.