కదలని రైలు

మా నాన్నగారు గూడెం కొత్తవీధిలో పదకొండేళ్లు మాస్టారుగా పనిచేశారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది గాని, మా రోజుల్లో విశాఖపట్నం జిల్లాయే. నర్సీపట్నంలో బస్సెక్కితే అది మూలుగుతూ ఘాటీ ఎక్కి, లంబసింగి మంచులో దీపాలు వెలిగించుకుని, చింతపల్లిలో కాసేపు సేదతీరి, ఆర్.వి. నగర్ కాఫీతోటలు దాటి, ఎప్పటికో మా ఊరు చేరేది. ఇప్పుడు ఆ మంచు చూడ్డానికి కార్లు కట్టుకుని జనం వస్తున్నారట. మాకు మాత్రం అప్పట్లో మంచంటే, ఆరేసిన నిక్కరు మూడు రోజులైనా ఆరకపోవడం.

మాకు తెలిసిన వినోదాలు రెండే. వారం వారం సంత ఒకటి. వేసవిలో పాడేరు మోదకొండమ్మ తల్లి జాతర మరొకటి. ఆ జాతరలోనే నేను మొట్టమొదట రంగులరాట్నం ఎక్కాను. దిగిన తరువాత ఏమైందో ఇక్కడ చెప్పను. మా అక్క ఇప్పటికీ నలుగురిలో చెబుతూనే ఉంటుంది.

అటువంటి మా ఇంట్లో రామోజీ ఫిల్మ్ సిటీ అనే మాట ఎలా వచ్చిందంటే, పక్కింటి వారి టీవీలోంచి వచ్చింది. పదహారు వందల ఎకరాల పైచిలుకు స్థలంలో వీధులూ, తోటలూ, రాజభవనాలూ కట్టేశారట. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందట. పిల్లల ఆటలకి వేరే చోటుందట. ఆ రాత్రే మేమిద్దరం నాన్నగారిని పట్టుకున్నాం. "సంక్రాంతి సెలవులకి చూద్దాంలే" అన్నారు. ఆ సంక్రాంతికి అక్కకి జ్వరం. మరుసటి సంక్రాంతికి తాతగారి కంటి ఆపరేషను. చివరికి 2001 జనవరిలో, తునిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాకప్పుడు పదేళ్లు.

సికింద్రాబాదులో దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. స్వెట్టర్లు, మంకీ క్యాపులు, మెడచుట్టూ మఫ్లర్లతో నలుగురం వరసగా నడుస్తూంటే పోర్టర్లు కూడా తలతిప్పి చూశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఇంట్లో ఆ రోజు ఉండి, మర్నాడు హయత్‌నగర్ మీదుగా వెళ్లే సిటీబస్సెక్కాం. విజయవాడ రోడ్డు మీద ఊళ్లు పలచబడి రాళ్లగుట్టలు వస్తూంటే మా అక్క, "ఇంత దూరం వచ్చింది కొండలు చూడ్డానికా!" అంది.

టికెట్ల దగ్గర నాన్నగారు చాలాసేపు నిలబడ్డారు. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో మూడు టికెట్లున్నాయి.

"నేను ట్రైనింగుకి వచ్చినప్పుడు చూసేశానర్రా. చూసిందే చూడ్డానికి డబ్బు దండగ. మీరు చూసి రండి, నేనా చెట్టుకింద పేపరు చదువుకుంటాను" అన్నారు.

అమ్మ ఏదో అనబోయింది. ఆయన "పద పద" అన్నారు. మేమిద్దరం అప్పటికే ముందుకి పరుగెత్తాం. నాన్నగారు ఇదివరకే చూశారంటే మాకు గర్వంగా కూడా అనిపించింది సుమండీ.

లోపల చూసినవన్నీ చెప్పాలంటే ఈ పేజీలు చాలవు. ఎర్రబస్సులో కూర్చోబెట్టి తిప్పారు. మేడలన్నీ ఎదుట చూస్తే మేడలే. పక్కకి తిరిగితే వెనక ఏమీ లేదు, గోడకి ఊతకర్రలు. ఒకే కట్టడానికి ఒక్కో వైపు ఒక్కో ముఖం. నీళ్లు ఆకాశంలోకి చిమ్ముతున్నాయి. ఒకచోట రైల్వేస్టేషను ఉంది. ప్లాట్‌ఫారం, బల్లలు, పట్టాల మీద రైలుపెట్టెలు, అన్నీ ఉన్నాయి గాని, ఆ రైలు ఎక్కడికీ పోదు. కథలో ఏ ఊరు కావలిస్తే ఆ ఊరి పేరు బోర్డు మీద రాసేస్తారట. ఆ మాట నాకు ఎంతకీ మింగుడుపడలేదు. ఊరు కదలకుండా పేరు మారడమేమిటి?

అమ్మ మాత్రం దేనినీ స్థిమితంగా చూడలేదు. ప్రతి చోటా "ఇది మీ నాన్నగారు చూశారంటావా?" అని అక్కని అడిగేది. "చూసే ఉంటారులే అమ్మా" అని అక్క విసుక్కునేది.

సాయంత్రం బయటికి వచ్చేసరికి నాన్నగారు ఆ చెట్టుకిందే ఉన్నారు. పేపరు నాలుగు మడతలు పెట్టి కింద వేసుకుని కూర్చున్నారు. జేబురుమాల్లో మాకోసం అరటిపళ్లు కట్టి ఉంచారు. ఇక బస్సులో దారిపొడుగునా ప్రశ్నలే. ఏమేం చూశారు? ముందు ఏది? తరువాత ఏది? స్టేషను ఎంత పొడుగుంటుంది? "మీరు చూశారుగా నాన్నా" అంది అక్క. "చూశాననుకో, మరిచిపోయాను. నువ్వు చెప్పు" అన్నారు. మాచేత పాఠం అప్పజెప్పించుకుంటున్నారు కాబోలు అనుకున్నాం.

సెలవులయ్యాక బడి తెరిచారు. నాన్నగారి క్లాసులోనే నేనూ చదువుకునేవాణ్ణి. బడిలో ఆయన్ని నాన్నా అనకూడదు, మాస్టారూ అనాలి. అది మా ఇంటి శాసనం. మొదటి రోజు ఆయన లెక్కలు పక్కన పెట్టి ఫిల్మ్ సిటీ చెప్పడం మొదలుపెట్టారు. చూసొచ్చిన నేను కూడా నోరు తెరుచుకుని విన్నాను. మాకంటె ఆయనే బాగా చెప్పారు! వెనక గోడలేని మేడలు బల్ల మీద పలకలు నిలబెట్టి చూపించారు. నీళ్లు పైకి చిమ్ముతాయని చెబితే మా బగతల కుర్రాడొకడు లేచి, "మా గెడ్డలో నీరు కిందికే పోతాది మాస్టారూ, అక్కడ పైకెలా పోతాది?" అన్నాడు. మోటారు పెట్టి తోస్తారనీ, రాత్రి కట్టేస్తారనీ చెప్పారు. "కట్టేస్తే మరి సేపలేటయిపోతాయి?" అని వెనకబెంచీ వాడు అడిగాడు. ఆ ప్రశ్నకి మాస్టారు కూడా తడుముకున్నారు.

తరువాత స్టేషను వచ్చింది. మా పిల్లల్లో సగంమంది రైలు చూసినవాళ్లు కారు. నాన్నగారికి ఊపు వచ్చింది. గార్డు పచ్చజెండా ఊపాడన్నారు. చేతిని జెండా చేసి ఊపారు. కూత కూశారు. రైలు కదిలిందన్నారు.

నేను లేచి నిలబడి, "కదలదు మాస్టారూ! అది ఉత్త రైలు! మీరసలు లోపలికే రాలేదుగా!" అన్నాను.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. నాన్నగారి చెయ్యి గాలిలోనే ఉంది. మెల్లగా దించుకుని, నవ్వి, "మీరు వెళ్లిన రోజున కదల్లేదేమో. నేను చూసినప్పుడు కదిలింది" అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు, నన్ను చూసే. వాళ్లకి మాస్టారి మాటే వేదం.

రాత్రి నా ఘనకార్యం అమ్మతో చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

"మీ నాన్న ట్రైనింగుకి వెళ్లింది 1995లోరా. ఆ ఫిల్మ్ సిటీ మొదలైంది 1996లో" అంది చివరికి.

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "మరి గేటు దగ్గరే నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మరెందుకు వెళ్లావు?"

"నాలుగో టికెట్టు కొంటే మనం తిరిగి రావడానికి చాలదు. మీరప్పటికే పరుగెత్తారు" అంది.

మర్నాడు బడిలో లేచి ఏదైనా చెబుదామనుకున్నాను. చెప్పలేదు. నాన్నగారు లెక్కలు చెప్పారు. ఆ తరువాత ఆ ఊసు మళ్లీ ఆయన ఎత్తలేదు. పిల్లలు అడిగితే, "మావాణ్ణి అడగండి, వాడు బాగా చూశాడు" అనేవారు. నేను చెప్పేవాణ్ణి. నేను చెబితే వాళ్లకి రుచించేది కాదు. ఒకరోజు ఏమైతే అయిందని రైలు కదిలిందన్నాను. అప్పుడు విన్నారు.

2017లో, నాన్నగారు రిటైరయ్యాక, నేను హైదరాబాదులో ఉండగా అమ్మా ఆయనా వచ్చారు. ఫిల్మ్ సిటీకి బయల్దేరదీశాను. "చూసిందే మళ్లీ ఎందుకురా, డబ్బు దండగ" అన్నారు, అదే గొంతుతో. నేను విననట్టు నాలుగు టికెట్లు కొన్నాను. అక్క కూడా వచ్చింది లెండి.

ఎర్రబస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. వెనక గోడలేని మేడలు వచ్చినప్పుడు తల ఊపారు. స్టేషను దగ్గర బస్సు నెమ్మదించింది. ఆయన రెండు చేతులూ కిటికీ మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఆ పెట్టెలవంక అలాగే చూస్తూండిపోయారు.

"ఇవాళ కదల్లేదేమండీ?" అంది పక్కనుంచి అమ్మ.

"ఆదివారం కదటే" అన్నారు నాన్నగారు.