మా అన్న దాచిన డిస్కు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థిగా ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు మొదట వెనకాడాను. ఇట్లాంటి సంచికల్లో క్రమశిక్షణ గురించీ సమయపాలన గురించీ రాయడం మనకు అలవాటు. నేను మాత్రం క్రమశిక్షణ తప్పిన ఒక ఆదివారం గురించి రాస్తున్నాను. తమ్ముళ్లు మన్నించాలి.

మాది వేంపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. అమ్మ చెనిక్కాయ చేలల్లో కూలికి, నాన్న బేల్దారి పనికి పోయేవాళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ మాట ఎవరైనా గొప్పగా అంటే నాకు మా అన్న గుర్తుకొస్తాడు. ఆ మొదటివాడు తను కావలసింది. అన్న కూడా ఈ హాస్టల్ అన్నం తిన్నవాడే. 2013లో పదో తరగతి లెక్కల్లో తప్పాడు. మళ్లీ ఫీజు కట్టే సమయానికి నాన్న పనిలో కిందపడి నడుము దెబ్బతిన్నది. అన్న తన పుస్తకాలు మూటగట్టి నాకిచ్చి, వేంపల్లెలో ఒక సీడీ షాపులో పనికి కుదిరాడు.

ఆ షాపులో ముందు గదిలో సినిమా డిస్కులు, మెమరీ కార్డులకు పాటలు ఎక్కించే కంప్యూటరు ఉండేవి. వెనక గదిలో రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్-2లు. గంటకు పది రూపాయలు. నేను ఏడో తరగతిలో ఉన్న 2014లో అక్కడికి ప్లేస్టేషన్-3 వచ్చింది. మన కడప జిల్లా వాళ్లకు కువైట్ పక్క ఊరులాంటిది కదా. అక్కడి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దాన్ని నాలుగు డిస్కులతో సహా షాపు ఓనరుకు అమ్మాడు. దానికి గంటకు ఇరవై రూపాయలు. సబ్బుకూ నూనెకూ ఇచ్చిన కాస్మెటిక్ డబ్బులు నేను అక్కడ పెట్టిన రోజులున్నాయి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

అన్న దగ్గర కాపీ కాని డిస్కు ఉండేది కాదు. అది తప్పని మాకు ఆనాడు తెలియదు. ఈ కొత్త డిస్కు మాత్రం తన చేతికి లొంగలేదు. "అన్నా, ఇదెందుకు కాపీ కాదు?" అని అడిగాను.

"ఏమోరా. డీవీడీ రైటర్లో పెడితే లోపల ఏమీ లేనట్టే చూపిస్తాంది. సదువుకుంటాండేది నువ్వు కదా, నువ్వే కనుక్కోని నాకు జెప్పు" అన్నాడు.

ఒక ఆదివారం అన్న అన్నానికి పోయినప్పుడు నేను ఆ డిస్కును డీవీడీ ప్లేయర్లో పెట్టాను. ఏమీ రాలేదు. బయటికి తీయబోతే ట్రే సగం వచ్చి ఇరుక్కుంది. భయపడి జేబులో ఉన్న కంపాసు ముల్లుతో డిస్కును పెకలించాను. డిస్కు వచ్చింది గానీ అడుగున లోతుగా గీత పడింది. తుడిచి, డబ్బాలో పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. సాయంత్రం ఆ గేము ఆడలేదు. ఓనరు అడిగితే అన్న "నా చెయ్యి జారి పడిందన్నా" అన్నాడు. ఆ నెల జీతంలో పదిహేను వందలు కోసేశారు. అన్న నన్ను సైకిల్ మీద హాస్టల్ గేటు దాకా దింపి, "రేపు పరీక్ష ఉందంటివే, పోయి సదువుకో" అన్నాడు. అంతే. నిజం చెప్పడానికి నా నోరు పెగల్లేదు.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. 2016లో జియో వచ్చింది, పాటలూ సినిమాలూ ఫోన్లోకే వచ్చాయి, షాపు మూతపడింది. డిస్కులు పాత సామాన్ల వాడికి తూకానికి పోయాయి. అన్న కొన్నాళ్లు బేల్దారి పని చేసి 2019లో డ్రైవరుగా కువైట్ పోయాడు. పోతూ తన ఇనప పెట్టె నాకిచ్చాడు. అందులో తన పదో తరగతి హాల్ టికెట్టు, కొన్ని డిస్కులు, వాటి నడుమ ఆ గీత పడిన డిస్కు ఉన్నాయి. దాన్ని ఎందుకు దాచుకున్నాడో నేను అడగలేదు.

కడపలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు ప్రాక్టికల్స్‌లో సీడీ మీద లేజర్ కాంతి వేసి దాని గీతల మధ్య దూరం కనుక్కునే ప్రయోగం చేశాము. డిస్కు మీద సమాచారం సన్నని చుట్టల్లో ఉంటుంది. ఆ చుట్టలు దగ్గర దగ్గరగా ఉండడం వల్ల కాంతి చీలి గోడ మీద చుక్కలుగా పడుతుంది. నేను అన్న పెట్టెలోని డిస్కులు తీసుకుపోయాను. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తే సీడీకి మొదటి చుక్క సుమారు 24 డిగ్రీల దగ్గర పడింది. లెక్క కడితే చుట్టల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. డీవీడీకి చుక్క 61 డిగ్రీల దాకా జరిగింది. దూరం 0.74 మైక్రాన్లే. చివరకు ఆ గీత పడిన డిస్కు పెట్టాను. చుక్కలే లేవు. కాంతి వచ్చిన దారినే తిరిగిపోయింది.

అది బ్లూ-రే డిస్కు. దాని చుట్టల మధ్య దూరం 0.32 మైక్రాన్లు. ఎర్ర కాంతి తరంగం అంతకు రెండింతలు పొడవు. అందుకే ఆ గీతలు దానికి అందవు. లావు స్కెచ్ పెన్నుతో నోట్‌బుక్కు పేజీలో పది లైన్లు పడితే, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముప్పై లైన్లు పడతాయి. సీడీని 780 నానోమీటర్ల కాంతితో, డీవీడీని 650తో, బ్లూ-రేని 405 నానోమీటర్ల నీలి ఊదా కాంతితో చదువుతారు. అందువల్లే సీడీలో 700 ఎంబీ, ఒక పొర డీవీడీలో 4.7 జీబీ, ఒక పొర బ్లూ-రేలో 25 జీబీ పడతాయి. షాపులోని డీవీడీ రైటర్‌లో ఉన్నది ఎర్ర కాంతి. దానికి అన్న డిస్కు కనబడనే లేదు.

నీలి కాంతితో చదివే డిస్కులు రెండు రకాలు వచ్చాయి. సోనీ, మరికొన్ని కంపెనీలు బ్లూ-రే తెస్తే, తోషిబా వైపు వాళ్లు హెచ్‌డీ-డీవీడీ తెచ్చారు. అది ఒక పొరలో 15 జీబీ పట్టేది. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్-360 మామూలు డీవీడీతోనే సరిపెట్టుకుని, హెచ్‌డీ-డీవీడీ డ్రైవును 2006లో విడిగా, సినిమాలు చూడడానికి అమ్మింది. సోనీ మాత్రం 2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్-3లోనే బ్లూ-రే పెట్టింది. ఖరీదు ఎక్కువని అందరూ అన్నారు. అయినా 2008 ఫిబ్రవరిలో తోషిబానే పోటీ నుంచి తప్పుకుంది. 2010లో ఫైనల్ ఫాంటసీ-13 అనే గేము ఎక్స్‌బాక్స్‌కు మూడు డీవీడీలైతే, ప్లేస్టేషన్-3కి ఒక్క డిస్కే సరిపోయింది.

హెచ్‌డీ-డీవీడీలో సమాచారం 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కింద భద్రంగా ఉంటుంది. బ్లూ-రేలో అది పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. చిన్న గీతలు పడకుండా పైన గట్టి పూత వేస్తారు. కానీ కంపాసు ముల్లుకు ఆ పూత ఏపాటిది? ప్రయోగశాలలో ఆ డిస్కు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

ఆ రాత్రే అన్నకు వీడియో కాల్ చేశాను. ఎందుకు కాపీ కాలేదో అంతా చెప్పాను. నీలి వెలుగు ఇచ్చే ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లోనే, అంటే మన షాపుకు ఆ పెట్టె వచ్చిన ఏడాదే, నోబెల్ బహుమతి వచ్చిందని చెప్పాను. వాళ్లలో నకమురా పేరుమోసిన పెద్ద యూనివర్సిటీలో కాక తొకుషిమాలో చదివి, అక్కడి ఒక చిన్న కంపెనీలో పని చేస్తూ సాధించాడని చెప్పాను. అన్న శ్రద్ధగా విన్నాడు. చివరికి, "అన్నా, ఆ డిస్కు పాడుచేసింది నేనే" అన్నాను.

"తెలుసులేరా. ట్రే పక్కన నీ కంపాసు పడిండె" అన్నాడు. కాసేపాగి, "ఇక్కడ షాపుల్లో ఇప్పుడు డిస్కు దూరే సందే లేని ప్లేస్టేషన్లు పెట్టినారు. మరి అవి ఒకరు వాడి ఇంకొకరికి ఎట్లిస్తారు?" అని అడిగాడు.

అన్న అడిగింది సరైన ప్రశ్న. 2020లో వచ్చిన ప్లేస్టేషన్-5 డిస్కు 100 జీబీ దాకా పడుతుంది. అదే ఏడాది డిస్కు లేని రకమూ వచ్చింది. 2024లో వచ్చిన ప్లేస్టేషన్-5 ప్రోకు డిస్కు డ్రైవు కావాలంటే విడిగా కొనాలి. డిస్కు లేకపోతే 100 జీబీ గేమును రోజుకు 2 జీబీ ప్యాకుతో దింపుకోవడానికి యాభై రోజులు పడుతుంది. దింపుకున్నా అది కొన్నవాడి ఖాతాకే కట్టుబడి ఉంటుంది. కువైట్‌లో ఒకరు కొన్న డిస్కు వేంపల్లె వెనక గదిలో ఒక కూలివాడి కొడుకు చేతికి వచ్చిందంటే, అది చేతులు మారగలిగే వస్తువు కాబట్టే. మన హాస్టల్ పిల్లలం బతికేదే అట్లా. సీనియర్ల గైడ్లు, అన్నల చొక్కాలు, పాత ట్రంకు పెట్టెలు. నేను చదివిన పదో తరగతి లెక్కల పుస్తకం మా అన్నదే. తను తప్పిన లెక్కల పక్కన పెన్సిలు గుర్తులుండేవి. వాటినే నేను ముందు నేర్చుకున్నాను.

తమ్ముళ్లారా, మీ పుస్తకాలు అమ్ముకోకండి, కిందివాళ్లకు ఇవ్వండి. మీకోసం చదువు మానేసిన వాళ్లు ఇంట్లో ఉంటే, మీరు నేర్చుకున్నది ముందు వాళ్లకు చెప్పండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టమని అన్నను అడుగుతున్నాను. "ముప్పై ఏండ్లు దగ్గర పడినాయి, ఇప్పుడేం సదువులేరా" అంటున్నాడు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఆ డిస్కు మీద లేజర్ వేసి చూపిస్తానని చెప్పాను. దానికి మాత్రం సరేనన్నాడు. లెక్కల పుస్తకం కూడా తీసి పక్కన పెట్టాను.