గోడ రెండింతలు, నేల ఎన్నింతలు?

పిల్లలూ! మన ఓరుగల్లు కోట చూశారా? రాతితోరణాల దగ్గర నిలబడితే కోటగోడలు ఒక్కచూపులో ఆనవు. అవి దూరంగా వలయాల్లా తిరిగి ఉంటాయి. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి కట్టించిన కోట ఇది. లోపలి రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న మట్టికోట వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా తరగతిని అక్కడికి తీసుకువెళ్ళాను. "వ్యాసం రెండింతలు గనుక, మట్టికోట లోపలి నేల కూడా రెండింతలే" అని చెప్పాను.

ఒక రైతుబిడ్డ లేచి, "కాదు సార్, నాలుగింతలు. మా కల్లం నడుమ గుంజకు కట్టిన తాడు రెట్టింపు చేసి గీస్తే, నాలుగింతల వడ్లు ఆరబోస్తం" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "కూర్చో!" అన్నాను. వాడు తల వంచుకొని కూర్చున్నాడు.

ఆ రాత్రి కాగితం తీసి గీశాను. చతురస్రం భుజం రెండింతలు చేస్తే, అందులో పాత చతురస్రాలు నాలుగు పడతాయి. ఇప్పుడు రెండింటిలోనూ అంచులు తాకేలా వృత్తాలు గీయండి. చిన్న వృత్తం తన చతురస్రంలో ఎంత వంతు నింపుతుందో, పెద్దదీ తన చతురస్రంలో అంతే వంతు నింపుతుంది. కనుక వృత్తమూ నాలుగింతలే! రాతికోట లోపల సుమారు 1.13 చదరపు కిలోమీటర్లయితే, మట్టికోట లోపల మొత్తం 4.52. గోడ పొడవు మాత్రం రెండింతలే.

మరో చిత్రం చూడండి. రాతికోట గోడ చుట్టుకొలత సుమారు 3.77 కిలోమీటర్లు. అంతే గోడతో చతురస్రపు కోట కడితే లోపల 0.89 చదరపు కిలోమీటర్లే దక్కుతుంది. గుండ్రని గోడ అంత రాతితోనే ఎక్కువ నేలను కాపాడుతుందన్నమాట.

మరునాడు తరగతిలో, "తప్పు నాది, ఒప్పు వీడిది" అని చెప్పి, వాడి చేతనే నల్లబల్ల మీద గీయించాను. ఆనాటి నుంచి, పూర్తిగా వినకుండా ఏ పిల్లవాణ్ణీ కూర్చోమనలేదు.

ఈసారి మీరు కోటకు వెళ్ళినప్పుడు ఒక కర్ర, టేపు తీసుకువెళ్ళండి. ఎండలో, సమనేల మీద కర్రను నిటారుగా నిలపండి. కర్ర నీడ కర్రంత పొడవైన క్షణాన తోరణం నీడను మొదలు నుంచి కొలవండి. అదే తోరణం ఎత్తు! ఎక్కనక్కరలేదు, ఎక్కకూడదు కూడా.

పెద్దలు చెప్పినా సరే, ఒకసారి కొలిచి చూడండి.