గోధుమ చేసే పని ఎవరు చేస్తారు?

మా వంటింట్లో పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదటి రోజు పొయ్యి ముట్టనివ్వను. చేతికి ఒక ఇంగువ డబ్బా ఇచ్చి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదవమంటాను. బంక, గోధుమపిండి, ఆ తర్వాత ఇంగువ. చదివినవాళ్లు ఆగి, "ఇంగువల గోధుమపిండి ఎందుకక్కా?" అంటారు. అచ్చమైన ఇంగువ జిగురుగా ముద్దకడుతుంది, దాని ఘాటు తట్టుకోలేం. అందుకే పిండి కలిపి పొడి చేసి అమ్ముతారు. కొందరు గోధుమపిండి గాని మైదా గాని కలుపుతారు, కొందరు బియ్యప్పిండి కలుపుతారు. ఏది కలిపారో చదివితేనే తెలుస్తుంది.

ఆ డబ్బా నాకు నేర్పిన పాఠం ఖరీదైంది. మా చిన్నోడికి నాలుగేళ్లప్పటి మాట. అప్పటికి సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలోనే ఉంది, 2016లో గదా మనకు జిల్లా వచ్చింది. పిల్లాడికి కడుపు ఉబ్బేది, విరేచనాలయ్యేవి, బరువు పెరిగేవాడు కాదు. హైదరాబాద్‌లో రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ జబ్బు అన్నారు. గోధుమ, బార్లీ, రై ఈ మూడింట్లోని గ్లూటెన్ పడితే వాడి పేగుల్లో సొంత ఒళ్లే తిరగబడుతుందట. మందు లేదు, జీవితాంతం పథ్యమే మందు. ఇంటికి రాగానే గోధుమపిండి, రవ్వ, సేమియా డబ్బాలన్నీ తీసేశాను. పని అయిపోయిందనుకున్నాను.

ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె తగ్గాల్సినంత తగ్గలేదు. డైటీషియన్ మేడమ్ నన్ను తిట్టలేదు. "మీ వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా ఫొటో తీసి పంపండి, పిండి ఎక్కడ పట్టిస్తారో కూడా చెప్పండి" అన్నది. రెండు చోట్ల దొరికిపోయాను. రోజూ పప్పులో, చారులో వేసే ఇంగువ ఒకటి. రెండోది గిర్నీ. గోధుమలు పట్టిన గిర్నీలోనే మా జొన్నలూ పడుతున్నాయి. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ నెలల తరబడి పడితే చాలు, సీలియాక్ ఉన్నవాళ్ల పేగు పాడవుతుందని ఆమే చెప్పింది. లెక్కేస్తే అది ఒక్క చపాతీలో యాభయ్యో వంతు. తప్పు నాదే. పిల్లాడికి నా చేత్తో నేనే పెట్టాను. అప్పట్నుంచి నా కన్ను మారింది.

గిర్నీ అన్నకు సంగతి చెబితే మంచి మనసుతో విన్నాడు. పొద్దున్నే గిర్నీ తుడిచి, ముందు రెండు కిలోల బియ్యం వేసి, ఆ పిండి పశువులకు పక్కన పెట్టి, తర్వాత మా జొన్నలు పట్టేవాడు. ఏడాది పాటు అలా నడిపించాడు. అదీ పూర్తి భరోసా కాదని తెలిసి, చిట్టీ ఎత్తి ఇంట్లోకే చిన్న గిర్నీ కొన్నాను. అయినా జొన్నలు నేరుగా పోయను. చేటలో వేసి, కిటికీ దగ్గర వెలుతుర్లో కూర్చుని ఏరుతాను. బస్తాలు మారే చోట, తూకం వేసే చోట గింజలు కలుస్తాయి. జొన్న గుండ్రం, గోధుమ పొడుగు, నడుమ గీత ఉంటుంది. కిలో జొన్నల్లో ఒక్క గోధుమ గింజ కనబడ్డా ఆ చేట మొత్తం మళ్లీ ఏరుతాను.

ఇక వంట సంగతి. ఈ పనిలో కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "గోధుమకు బదులు ఏం వెయ్యాలె?" ప్రశ్నే తప్పు. గోధుమ ఆ వంటలో ఏం పని చేస్తోంది అని అడగాలి. చపాతీలో పట్టి ఉంచుతుంది. బ్రెడ్డులో గాలిని ఆపి పొంగిస్తుంది. కూరలో చిక్కదనం ఇస్తుంది. పకోడీకి కరకర ఇస్తుంది. పని తెలిస్తే పనివాడు దొరుకుతాడు. పేరుకు పేరు మారిస్తే వంట చెడుతుంది.

ఈ సూత్రం నాకు మా అత్తమ్మ జొన్నరొట్టె దగ్గర దొరికింది. పెళ్లైన కొత్తలో చల్లనీళ్లు పోసి పిండి కలిపితే చేతిలోనే విరిగేది. "మసిలే నీళ్లు పొయ్యాలె బిడ్డా. పిండి ఉడికితేనే పట్టుకుంటది" అనేది అత్తమ్మ. వేడి నీళ్లకు జొన్నలోని స్టార్చ్ ఉబ్బి జిగురవుతుంది. గోధుమలో గ్లూటెన్ చేసే పట్టు పని ఇక్కడ ఆ జిగురు చేస్తుంది. మసిలే నీళ్లు పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి పది నిమిషాలాగి, వేడి ఉండగానే అరచేతి మొదలుతో బాగా పిసకాలి. పెంక మీద వేశాక పైన తడిబట్టతో అద్దాలి. పిండి తాజాగా ఉండాలి, పాతబడితే జిగురు చస్తుంది. సజ్జపిండి ఇంకా సున్నితం. అందులో నూనె ఎక్కువ కాబట్టి వారం పది రోజుల్లో చేదెక్కుతుంది. అవసరమైనంతే పట్టించుకోవాలి.

రొట్టె వచ్చింది కదా, కేకూ వస్తుందనుకున్నాను. చిన్నోడి ఐదో పుట్టినరోజుకు రెండు కప్పుల మైదా తీసేసి రెండు కప్పుల జొన్నపిండి వేశాను. కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిపోయింది. పిల్లలంతా గిన్నెల్లో వేసుకుని చెంచాలతో తిన్నారు. వాడు ఏమీ అనలేదు, కానీ ముక్క చేత్తో పట్టుకుని నాకు తినిపించలేకపోయాడు. ఆ రాత్రే అనుకున్నాను, ఈ పని పూర్తిగా నేర్చుకోవాలని.

నేర్పింది మా బజారులోని ఒక బేకరీ మాస్టర్. ముప్ఫై ఏళ్లు మైదాతో బతికిన మనిషి. నా కథంతా విని, "అమ్మా, ముందు ఆ కప్పులు పక్కన పెట్టు. త్రాసు తెచ్చుకో" అన్నాడు. కప్పు మైదా 125 గ్రాములుంటే అదే కప్పులో బియ్యప్పిండి 150 గ్రాములు దాటుతుంది. కప్పుకు కప్పు మారిస్తే అక్కడే లెక్క తప్పుతుంది. రెండో మాట: "గ్లూటెన్ అంటే వల. సోడా పుట్టించే గాలిని ఆ వల పట్టుకుంటది. వల లేదు గాబట్టి నువ్వే ఇంకో వల అల్లాలె." ఆ వల మెడికల్ షాపులో దొరికే ఈసబ్‌గోల్ పొట్టు. నీళ్లు తాగి గంజిలా సాగుతుంది.

ఎన్నో పిండ్లు పారేశాక నాకు కుదిరిన పాళ్లు చెబుతాను, రాసుకోండి. వంద గ్రాములకు మెత్తటి బియ్యప్పిండి 50, జొన్నపిండి 30, కార్న్‌ఫ్లోర్ 20. బియ్యం బలానికి, జొన్న రుచికి, కార్న్‌ఫ్లోర్ తేలికకు. కేకుకైతే దీనికి 2 గ్రాముల ఈసబ్‌గోల్, బ్రెడ్డుకైతే 5. గోధుమ బ్రెడ్డు పిండికి వందకు అరవై పైచిలుకు నీళ్లు చాలు. దీనికి తొంభై నుంచి వంద దాకా పడతాయి. ముద్దలా ఉండదు, గారెల పిండి కంటే కొంచెం పలచగా ఉంటుంది. భయపడి పిండి పెంచకండి, నేను పెంచి ఇటుకలు చేశాను. కలిపాక అరగంట నాననివ్వాలి, లేకపోతే బియ్యప్పిండి పంటి కింద గరగరలాడుతుంది. దించాక పూర్తిగా చల్లారేదాకా కొయ్యకూడదు. చల్లారేటప్పుడే స్టార్చ్ గట్టిపడి ముక్క నిలబడుతుంది. వేడిలో కోస్తే లోపల బంకబంకగా ఉండి, ఉడకలేదని మోసపోతారు.

వాడి ఆరో పుట్టినరోజుకు ముక్క ముక్కగా తెగింది. మొదటి ముక్క నా నోట్లో పెట్టాడు. రెండోది మాస్టర్‌కు పంపాను.

ఆ కబురు వీధి దాటింది. గుడ్డు పడనివాళ్లు, పాలు పడనివాళ్లు, పల్లీలు పడనివాళ్లు రావడం మొదలైంది. ఇక్కడా అదే ప్రశ్న: అది ఏం పని చేస్తోంది? గుడ్డు కేకులో పట్టుకోవడానికైతే ఒక పెద్ద చెంచా అవిసెగింజల పొడి మూడు పెద్ద చెంచాల నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెడితే ఒక గుడ్డు పని చేస్తుంది. నురగ కోసమైతే అవిసెలు పనికిరావు. కాబూలీ శనగలు ఉడికిన నీళ్లు చిక్కగా మరిగించి, చల్లార్చి గిలక్కొడితే తెల్లసొనలా లేస్తాయి. మూడు పెద్ద చెంచాలు ఒక గుడ్డుకు సమానం. వెన్నకు బదులు నూనె వేసేటప్పుడు ఎంతకంతే వెయ్యొద్దు. వెన్నలో వందకు ఎనభై పాళ్లే కొవ్వు, మిగతాది ఎక్కువగా నీరు. వంద గ్రాముల వెన్నకు ఎనభై గ్రాముల నూనె, కొంచెం నీళ్లు.

పాల దగ్గర ఒక హెచ్చరిక. పాలు అరగకపోవడం వేరు, పాల అలర్జీ వేరు. మొదటిది పాలలోని చక్కెరతో తంటా, రెండోది పాల ప్రొటీన్‌తో. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లాడికి "మేకపాలు పోయరాదా" అని పెద్దలు ప్రేమతోనే అంటారు. ఆ ప్రొటీన్లు దగ్గరి చుట్టాలు, అవీ ప్రమాదమే. నెయ్యిలో కూడా పాల జాడ మిగులుతుంది. నేను కొబ్బరిపాలతో పాయసం చేస్తాను, బెల్లం దించాకే కలుపుతాను.

పల్లీలు, నువ్వులు లేకుండా మన తెలంగాణ వంట ఎట్లా అని భయపడేవాళ్లు ఎక్కువ. సర్వపిండిలో పల్లీల పని పంటికి తగలడం. నానబెట్టిన శనగపప్పు పెంచి, గుమ్మడిగింజలు దంచి వేస్తే ఆ పని అవుతుంది. కానీ పల్లీలు పడనివాళ్లలో కొందరికి ఇతర పప్పులూ పడవు, డాక్టర్‌ను అడిగాకే వేస్తాను. ఒకసారి అమెరికాలోని మనవడి కోసం ఒక పెద్దమ్మ నువ్వులు లేని సకినాలు అడిగింది. అక్కడ 2023 నుంచి ప్యాకెట్ మీద నువ్వుల పేరు అలర్జీ వరుసలో రాసి తీరాలి. మన ప్యాకెట్ల మీద ఆ వరుసలో గోధుమ, పాలు, పల్లీలు కనిపిస్తాయి, నువ్వులు చాలాసార్లు కనిపించవు. కాబట్టి పదార్థాల జాబితా మొత్తం చదవాలి. సకినాల్లో వాము పెంచి, కిలో తడిపిండికి రెండు చెంచాల కాచిన నూనె పోశాను. చుట్టడం కొంచెం కష్టమైంది, గుల్లగా మాత్రం వచ్చాయి.

పండుగ పూట ఇంకో చిక్కు. సకినాల్లో గోధుమ లేదు, కానీ అదే మూకుట్లో గరిజెలు వేస్తే ఆ నూనెలోకి పిండి చేరుతుంది. కాగే నూనెకు గ్లూటెన్ చావదు. ముందు సకినాలు, తర్వాతే గరిజెలు, మిగిలిన నూనె సకినాలకు మళ్లీ వాడొద్దు. సద్దుల బతుకమ్మకు మలీద చపాతీతోనే చెయ్యాలని లేదు. సజ్జరొట్టె వేడిగా నలిపి, బెల్లం కలిపి ముద్దకడితే కమ్మగా ఉంటుంది. కొమురవెల్లి మల్లన్నకు ఎత్తే బోనంలోనూ గోధుమ లేదు. మన పెద్దల వంటలో సగం ఈ పిల్లల కోసమే ఉన్నట్టుంటుంది. చపాతీ మన ఇళ్లలో రోజువారీ అయింది ఈ మధ్యనే.

అయితే "చిరుధాన్యం" అన్న మాట చూసి మోసపోవద్దు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాక దుకాణాల్లో ఆ పేరుతో సరుకు నిండింది. మంచిదే. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నరవ్వ, జొన్న అటుకుల దాకా తయారు చేసి చూపింది. కానీ బజారులో రాగి బిస్కెట్ వెనక తిప్పితే మైదా, జొన్న సేమియా వెనక తిప్పితే గోధుమరవ్వ చాలాసార్లు ఉంటాయి. మాల్టు అన్న చోట బార్లీ, సోయాసాస్‌లో గోధుమ. ముందు బొమ్మ కాదు, వెనక అక్షరం చూడాలి.

ఆర్డర్లు పెరిగాక నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. మన దేశంలో గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రయోగశాలలో పరీక్ష చేయించిన పిండికే ఆ మాట రాస్తాను. మిగతా వాటి మీద ఏమేం వేశానో మాత్రమే రాస్తాను. కొనేవాళ్లు నా మాట నమ్మి పిల్లల నోట్లో పెడతారు. ఆ నమ్మకం ముందు లాభం చిన్నది.

నేర్చుకునేవాళ్లకు మూడు మాటలు చెప్పి పంపుతాను. అనుమానం ఉంటే పరీక్ష చేయించుకున్నాకే గోధుమ మానండి, ముందే మానేస్తే రక్తపరీక్షలో జబ్బు దాక్కుంటుంది. చపాతీ పీట, కర్ర, చెక్క గరిటె, జల్లెడ విడిగా పెట్టుకోండి, చెక్క పగుళ్లలో పిండి పోదు. ప్రతి వంటకూ తూకం రాసుకోండి, చెడినవాటికి ఇంకా వివరంగా రాసుకోండి.

మిగతా అందరికీ ఒక విన్నపం. పెళ్లిలోనో, గుడిలోనో, పక్కింటి పూజలోనో ఒక తల్లి పులిహోర ఆకు పట్టుకుని "దీంట్ల ఏమేం వేసిన్రు?" అని అడిగితే, "కొంచెం తింటే ఏం కాదు" అనకండి. లోపలికి వెళ్లి, ఇంగువ డబ్బా తెచ్చి ఆమె చేతికివ్వండి. చదువుకుంటుంది.