సీటు చూపేవాడు, దారి చూపేవాడు

సూరత్ నగరానికి దక్షిణంగా, ముంబయికి పోయే రైలు మార్గం మీద సచిన్ అనే ఊరు ఉన్నది. స్వాతంత్ర్యానికి పూర్వం అది సిద్దీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. నేడు మరమగ్గాలకూ అద్దకపు మిల్లులకూ నెలవైన పారిశ్రామికవాడ. 2020లో సూరత్ నగరపాలక సంస్థలో విలీనమైంది. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఒడిశా నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారితో పాటు, వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన తెలుగు పద్మశాలి కుటుంబాలు సూరత్ పరిసరాలలో తరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడపడమే వారి ఉనికికి సాక్ష్యం.

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడిన వేసవిలో ఇటువంటి వాడలకు కళాశాలల ప్రవేశ ప్రతినిధులు వస్తారు. చేతిలో రంగురంగుల కరపత్రాలుంటాయి. వాటిలో అద్దాల మేడలు, పచ్చిక బయళ్ళు, పట్టాలు పుచ్చుకుంటున్న నవ్వు ముఖాలు. ఆ కరపత్రాన్ని అందుకునే ఇంటిలో కళాశాల గడప తొక్కినవారు అంతవరకు ఎవరూ లేకపోవచ్చు. అప్పుడు ప్రతినిధి మాటను సరిచూడగల మనిషి ఆ ఇంట ఉండడు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము, ఒక బిడ్డ జీవితంలో మూడు నాలుగేళ్ళ కాలం అతని మాట మీద ఆధారపడతాయి. అందుచేత ఈ వృత్తికి కావలసిన మొదటి నైపుణ్యం వాక్చాతుర్యం కాదు, వినే ఓర్పు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. మరమగ్గాల పని పన్నెండు గంటల షిఫ్టులలో సాగుతుంది. రాత్రంతా మగ్గాల హోరులో నిలబడి వచ్చిన తండ్రి ఉదయం సంతకం చేయగలడు గాని ఆలోచించలేడు. మంచి ప్రతినిధి అతనికి తీరిక దొరికే రోజు కనుక్కుని వస్తాడు. వచ్చీ రాగానే మార్కులెన్నని అడగడు. ఏ పాఠం చదువుతున్నప్పుడు కాలం తెలియదో బిడ్డను అడుగుతాడు. హాస్టలు గురించి, రానుపోను ప్రయాణం గురించి తల్లి మనసులో ఉన్న భయాన్ని ఆమె నోటనే విని, తెలిసినంతవరకే జవాబు చెబుతాడు. తెలియని సంగతికి మర్నాడు కనుక్కుని చెబుతాననడంలో చిన్నతనం లేదు.

అతడు తెలుగువాడైతే ఆ ఇంట మర్యాద మరింత దక్కుతుంది. "మీరేది చెప్తే గదే చేస్తం సారూ, మా బిడ్డ మంచిగ చదువుతది" అంటాడు తండ్రి. ప్రతినిధి జాగ్రత్త పడవలసిన ఘడియ అదే. భాష వలన పుట్టిన ఆ నమ్మకాన్ని సీటుగా మార్చుకోవడం సులభం. దానిని బాధ్యతగా స్వీకరించడమే కష్టం.

రెండవ నైపుణ్యం నియమాల పరిజ్ఞానం. వలస కుటుంబాలకు రెండు రాష్ట్రాలలో కాళ్ళుంటాయి. ఒక్కొక్కప్పుడు రెండింటిలోనూ నేల దొరకదు. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగం వలన బొంబాయి చేరాడు. ఆంధ్రప్రదేశ్‌లో అతని కులం షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందింది. ఆ ఆధారంతో బొంబాయి వైద్య కళాశాలలో రిజర్వేషను సీటు కోరగా, 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అంగీకరించలేదు. ఒక రాష్ట్రంలో ఉన్న ఆ హోదా, వలస పోయిన మరొక రాష్ట్రంలో వెంట రాదని తీర్పు చెప్పింది. తిరిగి స్వరాష్ట్రానికి పంపుదామన్నా చిక్కే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి తెలుగునాట విద్యాప్రవేశాలలో స్థానికత అనే నియమం ఉన్నది; దానికి చదివిన ప్రదేశం ముఖ్య ప్రమాణం. చదువంతా సూరత్‌లోనే సాగిన విద్యార్థి తెలుగువాడైనంత మాత్రాన అక్కడ స్థానికుడు కాజాలడు. ఇవి తెలియని ప్రతినిధి "మీకు రిజర్వేషను వస్తుంది, ఫీజు తగ్గుతుంది" అని తేలికగా చెప్పివేస్తే, ఆ మాటకు వెల కట్టవలసింది తండ్రి.

మూడవది లెక్క దాచకుండా చెప్పడం. కరపత్రంలో కనిపించేది తరచుగా బోధన రుసుము ఒక్కటే. హాస్టలు, భోజనం, బస్సు, పరీక్ష రుసుము, పుస్తకాలు అన్నీ కలిపి, మొదటి ఏడాదికే గాక చివరి ఏడాది వరకు ఎంతవుతుందో కాగితం మీద వ్రాసి ఇవ్వగలగాలి. సీటు మానుకుంటే ఏమవుతుందన్నది కూడా చెప్పాలి. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ విషయమై నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం ప్రవేశాల గడువుకు 15 రోజులు లేక అంతకు ముందుగా మానుకుంటే మొత్తం రుసుము, ఆ తరువాత గడువులోగా అయితే 90 శాతం తిరిగి ఇవ్వాలి. పూర్తిగా ఇచ్చేటప్పుడు నిర్వహణ ఖర్చుల క్రింద స్వల్ప మొత్తం మినహాయించుకోవచ్చు. గడువు దాటిన 15 రోజులలోపు 80 శాతం, నెలలోపు 50 శాతం. ఆపైన ఏమీ రాదు. అసలు ధ్రువపత్రాలను పరిశీలించి తిరిగి ఇవ్వాలే గాని, కళాశాల తన వద్ద అట్టే పెట్టుకోరాదు. ఈ సంగతి ముందుగానే చెప్పే ప్రతినిధిని తండ్రి నిశ్చింతగా నమ్మవచ్చు.

అన్నింటికీ ముందు తెలుపవలసింది కళాశాల గుర్తింపు. 1956 నాటి చట్టం ప్రకారం పట్టా ప్రదానం చేసే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకూ, ఆ అర్హత పొందిన సంస్థలకూ మాత్రమే ఉన్నది. బూటకపు విశ్వవిద్యాలయాల పేర్లను నిధుల సంఘం ప్రకటిస్తూనే ఉన్నది. తమ కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో, ఆ కోర్సుకు అనుమతి ఉన్నదో లేదో ప్రతినిధి అడగకుండానే చూపాలి.

ఇంత నిజాయితీ ఎందుకు అరుదవుతున్నదంటే, కారణం జీతంలో దొరుకుతుంది. తలకింత అని దళారీ సొమ్ము ముట్టేచోట విద్యార్థి ముఖం అంకెగా కనిపించడం సహజం. ఈ ప్రమాదాన్ని గుర్తించే అమెరికా 1992లో తన ఉన్నత విద్యా చట్టాన్ని సవరించింది. ప్రభుత్వ విద్యార్థి సహాయం పొందే కళాశాలలు, చేర్చిన విద్యార్థుల సంఖ్యను బట్టి ప్రతినిధులకు కమీషన్లు చెల్లించడాన్ని నిషేధించింది. మనిషి మంచివాడైనంత మాత్రాన చాలదు. అతని కూడు అబద్ధంతో ముడిపడి ఉండకూడదు.

చివరి నైపుణ్యం అన్నింటికన్న కఠినమైనది: కాదనగలగడం. ఆ బిడ్డకు గణితంపై మక్కువ ఉండి, ప్రతినిధి కళాశాలలో ఆ కోర్సు లేకపోవచ్చు. లేదా ఇంటి నుండి వెళ్ళివచ్చే దూరంలోనే, తక్కువ ఖర్చుతో అదే పట్టా దొరకవచ్చు. దక్షిణ గుజరాత్ కోసం 1965లో ఏర్పడి, 2004 నుండి కవి నర్మద్ పేరు ధరించిన విశ్వవిద్యాలయం సూరత్‌లోనే ఉన్నది; దానికి అనుబంధమైన కళాశాలలు చుట్టుపక్కల అనేకం. అప్పుడు "మా కళాశాల మీ అమ్మాయికి తగినది కాదు, ఫలానా చోట దరఖాస్తు చేయండి" అని చెప్పిన ప్రతినిధి ఆనాటికి ఒక సీటు పోగొట్టుకుంటాడు. కాని మగ్గాల వాడలో మాట త్వరగా పాకుతుంది. మరుసటి వేసవిలో అతడు వెదుక్కుంటూ పోనక్కరలేదు. తండ్రులే అతని ఊరుపేరు అడిగి వస్తారు.

పడుగులో ఒక్క పోగు తెగితే నేతగాడు వెంటనే మగ్గం ఆపి ముడివేస్తాడు. ఆపకపోతే లోపం బట్ట పొడవునా సాగుతుంది. బిడ్డ చదువు విషయంలో ఆ పోగు తెగిన చోటును చూచి, సంతకానికి ముందే ఆగండని చెప్పగలవాడే నిజమైన ప్రవేశ ప్రతినిధి.