మెల్లగా పాడే పెట్టెలు

స్పీకర్లు కొనాలనుకుంటున్నారా? ముందు గది ఎంతుందో చెప్పండి. పదీ పదకొండు అడుగులేనా? మన అపార్టుమెంట్లలో రెండో పడగ్గది అంటే అంతేలెండి. పక్క గదిలో అత్తగారు పడుకుంటారు, పై ఫ్లాట్లో చంటిపిల్ల ఉంది, మీకు పాట వినే తీరిక చిక్కేది రాత్రి పదయ్యాకే. మరి షాపులో అడుగు పెట్టగానే "ఎన్ని వాట్లండీ?" అని అడగడం దేనికి?

వాట్ల సంగతి తేల్చేసి ముందుకు పోదాం. ఒకప్పుడు స్టీరియో సెట్ల అట్టపెట్టెల మీద పీఎంపీఓ అని పెట్టి వేలకు వేల వాట్లు అచ్చేసేవారు. ఆ అంకెకు అర్థం లేదు, అప్పుడూ లేదు. మీరు చూడాల్సింది సెన్సిటివిటీ. అక్కడ 86 డెసిబెల్స్ అని ఉంటే, ఒక్క వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందన్నమాట. అందులోంచి పది డెసిబెల్స్ తగ్గిస్తే కావలసిన పవరు పదోవంతుకు పడిపోతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. మీరు దానికి కాస్త పైన, 66లో వింటున్నారనుకోండి, అయ్యే ఖర్చు వాటులో వందోవంతు! నూరు వాట్ల యాంప్ కొనుక్కుంటే మిగతాదంతా అలంకారమే.

అసలు చిక్కు మన చెవితో. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. వాల్యూమ్ తగ్గించే కొద్దీ చెవికి అన్ని స్వరాలూ ఒకేలా తగ్గవు, కింది స్వరాలు ముందుగా జారిపోతాయి. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద అంటించేది గుమ్మని మోగడానికే కదా, పదింటికి మెల్లగా పెట్టి వినండి, కుడిచేతి పలుకులు టంగు టంగుమంటూ మిగులుతాయి, ఎడమచెయ్యి ఎటో వెళ్ళిపోతుంది. అప్పుడు అందరూ స్పీకర్‌ని తిట్టి, సబ్‌వూఫర్ తెచ్చి, పక్కింటివాళ్ళతో మాటలు పడతారు. దానికన్నా లౌడ్‌నెస్ మీట ఉన్న యాంప్ వెతుక్కోండి. పాత యాంప్‌లలో చాలావాటికి అది ఉండేది, యమహా వాళ్ళయితే కావలసినంత తిప్పుకునేలా గుండ్రటి మీటే పెట్టారు. చెవి తినేసిన బేస్‌ని అది తిరిగి కలుపుతుంది. దాన్ని ముట్టుకుంటే సంగీతం మైలపడిపోతుందనే మడిగట్టుకున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు పగలు వింటారు, గట్టిగా వింటారు. మీరు నొక్కుకోండి.

ఇక పెట్టె ఎంతుండాలి? ఇక్కడ నాకు బీబీసీ వాళ్ళ కథ చెప్పాలనిపిస్తుంది. 1970ల్లో వాళ్ళ ఇంజనీర్లకు ఒక అవసరం వచ్చింది. స్టూడియో బయట కార్యక్రమాలు రికార్డు చేసే వ్యానులో చోటుండదు, ఇంజనీరు స్పీకర్‌కి రెండు మూడడుగుల దూరంలో కూర్చోవాలి, మాట్లాడేవాడి గొంతు మాత్రం ఉన్నదున్నట్టు వినపడాలి. దానికోసం అడుగెత్తు పెట్టె ఒకటి తయారుచేశారు, పేరు ఎల్‌ఎస్‌3/5ఎ. గాలి ఆడే కన్నం లేకుండా బిగించేసిన పెట్టె, సెన్సిటివిటీ 83కి కాస్త అటూ ఇటూ, నిజమైన కింది బేస్ అందులో లేనే లేదు. కానీ బేస్‌కి కొంచెం పైనున్న స్వరాలను ఒక పిసరు ఎత్తిపెట్టడంతో చెవి బేస్ ఉందనే అనుకుంటుంది. రోజర్స్, స్పెండర్, హార్బెత్ లాంటి కంపెనీలు లైసెన్సు తీసుకుని చేశాయి, ఇప్పటికీ కొత్తవి లక్షల్లో పలుకుతున్నాయి. అవే కొనమని నేననడం లేదు, మన జీతాలకు అది అన్యాయం. ఆ వ్యాను మీ గదిలాంటిదే అని గమనించమంటున్నాను. చిన్న బుక్‌షెల్ఫ్ పెట్టె, బేస్ పలికించే ఐదంగుళాల వూఫర్, వీలైతే మూసిన డబ్బా. వెనక కన్నం ఉన్నదే దొరికితే, గోడ దగ్గర పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ కన్నంలో మెత్తటి గుడ్డ చుట్టి దూర్చండి, గోలపెట్టే బేస్ సర్దుకుంటుంది.

మనిషెత్తు స్పీకర్లు ఎందుకొద్దంటున్నానంటే, పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, పదకొండుకు 51 దగ్గర గది తనంతట తానే మోగుతుంది. రెండూ పక్కపక్కనే పడ్డాయి కాబట్టి, అంత కిందికి దిగే స్పీకర్ అక్కడ తగిలిందంటే ఏ పాటలోనైనా ఒకే స్వరం బుంయ్‌మంటుంది. మూల కూర్చుంటే మరీ ఎక్కువ, సరిగ్గా గది నడిమధ్యన కూర్చుంటే అసలు మాయం. కుర్చీ ఓ అడుగు ముందుకో వెనక్కో జరిపి చూడండి, కొత్త స్పీకర్ కొన్నంత తేడా. టైల్స్ నేల, సున్నం గోడలు, ఇనప బీరువా ఉన్న గదిలో ఒక పరుపు, మందపాటి కర్టెను, పుస్తకాల అర ఉంటే చాలు. ఫ్యాను మాత్రం మనకు తప్పదు. మే నెలలో మూడో నంబర్లో తిరుగుతుంటే తంబూర సగం దాని పాలే. అందుకే స్పీకర్లని దగ్గరికి లాక్కోండి. మీకూ వాటికీ నాలుగైదడుగులు, రెండింటి మధ్యా అంతే, పై స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తులో.

షాపులో వినేటప్పుడు డెమో పాట వద్దని చెప్పి, పాత ఘంటసాల పాట ఒకటి పెట్టించండి. ఆ రికార్డింగులు ఎక్కువగా మోనో, అంటే రెండు పెట్టెల్లోంచీ వచ్చేది ఒకటే. జత సరిగ్గా కుదిరితే గొంతు రెండింటికీ నడుమ, గాల్లో ఒకచోట నిలబడాలి. అటూ ఇటూ ఊగితే ఆ జత వద్దు. తర్వాత వాల్యూమ్‌ని మీరు ఇంట్లో పెట్టుకునేంతకు దించమనండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. చవక యాంప్‌లలో వాల్యూమ్ మీట అడుక్కి దిగేసరికి ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పలుకుతుంది. అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే, మీటని మధ్యకు తెచ్చి ఫోనులో శబ్దం తగ్గించుకోండి. లోపలే యాంప్ ఉన్న యాక్టివ్ స్పీకర్లయితే పాట ఆపి చెవి దగ్గర పెట్టండి. సన్నగా సుయ్‌మంటుంటే, షాపులో వినపడీ వినపడని ఆ చప్పుడు నాలుగడుగుల దూరంలో రాత్రంతా మీకు తోడుంటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి, సిగ్గుపడక్కర్లేదు. వూఫర్ చుట్టూ అంచుని మాత్రం వేలితో మెల్లగా నొక్కి చూడండి. రబ్బరైతే సాగి వెనక్కొస్తుంది. ఫోమ్ అయితే కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలిపోతుంది, విశాఖ, కాకినాడల తేమలో ఇంకా త్వరగా. రాలితే ధర సగం చెయ్యమనండి, అంచు మార్పించుకోవడం పెద్ద పనేం కాదు.