చిన్న ఇంజను ఎందుకు ఆగింది?

నిజమైన ఆవిరితో నడిచే నమూనా రైలింజనును పిల్లల ఆటవస్తువుగా భావించేవారు దాని ముందు ఒక్క సాయంత్రం కూర్చుంటే అభిప్రాయం మార్చుకుంటారు. అందులో బ్యాటరీ ఉండదు. చేతిలో ఇమిడేటంత బాయిలరు, దాని క్రింద స్పిరిటు దీపం, ఇరుప్రక్కలా రెండు ఇత్తడి సిలిండర్లు ఉంటాయి. మరిగిన నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ విస్తరణ బలమే చక్రాలను త్రిప్పుతుంది. పెద్ద ఇంజనుకూ దీనికీ సూత్రం ఒక్కటే గనుక జబ్బులూ దాదాపు అవే, ప్రమాదమూ అదే.

మా మామూ గారు బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేశారు. ఇప్పుడు వారి వయస్సు 88 సంవత్సరాలు. రెండేళ్లుగా చూపు లేదు. ఇంగ్లండులో స్థిరపడిన మనుమడు పోయిన సెలవుల్లో 32 మిల్లీమీటర్ల పట్టాలపై నడిచే ఇంజను తెచ్చి, "దాదా, దీని చప్పుడు మీకు వినిపించాలి" అన్నాడు. అతనికున్నది వారం రోజుల గడువే. ఇంజను చూస్తే మూడడుగులు కదిలి ఆగిపోతోంది. సేఫ్టీ వాల్వు నుండి మాత్రం ఆవిరి బుసలు కొడుతూనే ఉంది.

"ఆ స్ప్రింగు కాస్త బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది కదా!" అన్నాడు కుర్రవాడు. మామూ గారు చెయ్యి అడ్డుపెట్టి, "దాన్ని ముట్టుకోకు బేటా. అది బుసకొడుతోందంటే బాయిలరు తన పని చేస్తోందని అర్థం. జబ్బు ఆ తర్వాత ఎక్కడో ఉంది" అన్నారు.

మదర్సాలో అరబీ వ్యాకరణం బోధించే మాకు ఈ మాట వెంటనే బోధపడింది. పదం చివర స్వరం తప్పుగా పలికిన విద్యార్థిని ఆ అక్షరం దగ్గరే ఆపితే ప్రయోజనం ఉండదు. దానిని శాసించే 'ఆమిల్' వాక్యంలో ఎక్కడుందో వెదికించాలి. తప్పు కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు.

మంట ఆర్పి, ఇంజను పూర్తిగా చల్లారాక చక్రాన్ని వ్రేలితో నెమ్మదిగా ఒక చుట్టు త్రిప్పాము. ఒకచోట పట్టేస్తోంది. ఇరుసుకు తివాచీ నూలుపోగు చుట్టుకొని ఉంది! పట్టకారుతో దానిని లాగివేశాము. తర్వాత సేఫ్టీ వాల్వు విప్పి, ఆ రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి సైకిలు పంపుతో గాలి కొట్టాము. చక్రాలు చక్కగా తిరిగాయి. ఈ పరీక్ష చాలా విలువైనది. గాలితో తిరిగి, ఆవిరితో తిరగని ఇంజనులో దోషం యంత్రభాగాలది కాదు. వేడి, నీరు, నూనె, ఈ మూడింటిలోనే దానిని వెదకాలి.

చల్లని సిలిండరులోకి వెళ్ళిన ఆవిరి అక్కడే నీరవుతుంది. నీరు అణగదు, పిస్టనును కదలనివ్వదు. ఆవిరి పట్టగానే ఇంజనును గుడ్డతో పట్టుకొని ముందుకూ వెనుకకూ నెట్టితే, సిలిండర్లు వేడెక్కేవరకూ పొగగొట్టం నుండి నీరు చిమ్ముతుంది. స్టేషను నుండి కదిలేటప్పుడు పెద్ద ఇంజను ప్రక్కలనుండి తెల్లని ఆవిరి ఎగజిమ్మేది మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. డ్రైవరు సిలిండరు కాకులు తెరచి ఈ నీటినే వెళ్ళగొట్టేవాడని మామూ గారు చెప్పారు.

ఇక నూనె. కుర్రవాడు కుట్టుమిషను నూనె పోశాడు. ఇరుసులకు అది చాలు గానీ, సిలిండర్లలో ఆవిరి దానిని కడిగివేస్తుంది. అక్కడికి చిక్కని స్టీము ఆయిలే కావాలి. అది పెట్టెలో మూతైనా తీయకుండా ఉంది. ఈ నూనె పోసే చిన్న గిన్నెలోకి ఆవిరి చేరి నీరై అడుగుకు దిగుతుంది. తేలిన నూనె కొద్దికొద్దిగా ఆవిరితో కలిసి సిలిండర్లకు పోతుంది. కనుక ప్రతిసారీ ఆ నీరు తీసివేసి గిన్నెను మళ్ళీ నింపాలి.

ఇళ్ళలో ఇలాంటివి ఉన్నవారు ఒక విషయంలో అలక్ష్యం చేయరాదు. స్పిరిటు మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. దీపం వెలుగుతుండగా గానీ, వేడిగా ఉండగా గానీ స్పిరిటు పోయకూడదు. నీటికంటే ముందే ఇంధనం అయిపోయేలా కొలిచి పోయాలి. ఎండిన బాయిలరు క్రింద మంట ఉండరాదు. పెద్ద ఇంజనులో నీరు తగ్గితే మంటగది పైకప్పులోని సీసపు ప్లగ్గు కరిగి హెచ్చరించేది. ప్లగ్గు కరగడం డ్రైవరుకూ, ఫైర్‌మన్‌కూ తలవంపులు. చిన్న బాయిలరులో ఆ ఏర్పాటు కూడా లేదు.

నాలుగవ రోజు ఇంజను ఆగకుండా పట్టాలన్నీ చుట్టింది. మామూ గారు తల వంచి విని, "చుట్టుకు రెండు దెబ్బలేనా?" అన్నారు. వారి ఇంజన్లలో పిస్టనును రెండువైపులా ఆవిరి నెట్టేది గనుక రెండు సిలిండర్లకు నాలుగు దెబ్బలు పడేవి. దీనిలో ఒకవైపే నెడుతుంది. మరి రెండు చుట్లు విన్నాక, "ఒకటి గట్టిగా, ఒకటి పేలవంగా ఉంది. ఒక సిలిండరు కారుతోంది, చూడండి" అన్నారు. చూస్తే, ఎడమ సిలిండరును పీఠానికి అదిమిపట్టే స్ప్రింగు వదులైంది. దాని నట్టు అర చుట్టు త్రిప్పాము. "ఆ, ఇప్పుడు సమంగా ఉంది" అని వారు కుర్చీలో వెనుకకు వాలారు. మనుమడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అతడు ఇంజనును ఇక్కడే వదిలి వెళ్ళాడు. మామూ గారు ఒంటరిగా వెలిగించకూడదన్నది షరతు. అందువల్ల ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తర్వాత మేము వెళ్తున్నాము. వెనుకకు నడిపేటప్పుడు ఇంకా కొంచెం కుంటుతోంది. ఈసారి దిశ మార్చే వాల్వు విప్పి చూడమన్నారు.